యాంటీబయాటిక్ పెద్దగా వాడని మా అమ్మకు మందులకు లొంగని బ్యాక్టీరియా ఎలా వచ్చింది?

తణుకు_లక్ష్మి

మా అమ్మకు 66 ఏళ్లు. షుగరు లేదు. బీపీకి రోజూ ఒక్క మాత్ర తప్ప వేరే మందు ఎరగదు. పోయిన నెల మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, చలిజ్వరం వస్తే కల్చర్ పరీక్ష చేయించాం. మూడో రోజు రిపోర్టు వచ్చింది. పైన 'ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్' అని ఉంది. ఈ.కోలై అన్నది బ్యాక్టీరియా పేరు, ఈఎస్‌బీఎల్ అంటే సెఫిక్సిమ్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైము దాని దగ్గర ఉందని అర్థమట. కింద 16 మందుల పేర్లు. వాటిలో పదకొండింటి ఎదురుగా 'ఆర్' అనే అక్షరం. అంటే ఆ మందు పనిచేయదని. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, కోట్రైమోక్సజోల్ అన్నీ అందులోనే ఉన్నాయి.

చూడటానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఇష్టం వచ్చినట్టు మాత్రలు మింగి ఉంటుంది, అందుకే ఇలా అయింది." ఆ మాటకు అమ్మ చాలా బాధపడింది. జ్వరం వస్తే మిరియాల కషాయం తాగి దుప్పటి కప్పుకునే మనిషి ఆమె. నాకు గుర్తున్నంతవరకు జీవితం మొత్తంలో యాంటీబయాటిక్ వాడింది మూడుసార్లు, అదీ డాక్టరు రాసిస్తేనే. ఆ పదకొండు మందుల్లో చాలావాటి పేరు కూడా ఆమె విని ఉండదు. మరి ఆమె ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాకు వాటిని తట్టుకోవడం ఎవరు నేర్పారు?

తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్పు వద్దు, కారణం కావాలి.

మందులషాపు_రమణ

గుంటూరులో 22 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. చుట్టాలు అన్నది పూర్తిగా తప్పని నేను అనలేను. చీటీ లేకుండా వచ్చి "గొంతు నొప్పికి ఏదైనా గట్టి మాత్ర, మూడు చాలు" అని అడగని రోజు లేదు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా, షెడ్యూల్ హెచ్1, 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. అందులో 24 యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. వాటిని అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నేను చీటీ అడిగితే నాలుగు అడుగులు వేసి పక్క దుకాణంలో కొనుక్కుంటారు. ఇంతమంది ఇలా వాడితే బ్యాక్టీరియా మొండికేయకుండా ఎలా ఉంటుంది?

తణుకు_లక్ష్మి

రమణ గారూ, మూడుసార్లే అని రాశాను కదా. మీరు చెప్పే మనుషుల్లో మా అమ్మ లేదు.

సూక్ష్మలోకం

రమణ గారి మాట ఊరు మొత్తానికి సరిపోతుంది. దాన్ని ఒక మనిషి మెడకు చుడితే అన్యాయమవుతుంది. నేను విశాఖలో సూక్ష్మజీవ శాస్త్రం పాఠాలు చెబుతాను. లక్ష్మి గారి ప్రశ్నకు నా జవాబు కొంచెం పెద్దదే.

మనకు జన్యువులు అమ్మానాన్నల నుంచి మాత్రమే వస్తాయి. బ్యాక్టీరియాకు అలా కాదు. తల్లి కణం రెండుగా చీలినప్పుడు వచ్చేవి ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు పక్కన ఉన్న వేరే బ్యాక్టీరియా నుంచి, ఒక్కోసారి వేరే జాతి బ్యాక్టీరియా నుంచి కూడా జన్యువులు బతికుండగానే అందుతాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

బ్యాక్టీరియా కణంలో ప్రధాన క్రోమోజోము కాక చిన్న చిన్న డీఎన్‌ఏ వలయాలు విడిగా తిరుగుతుంటాయి. వాటిని ప్లాస్మిడ్లు అంటాం. 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టిన పేరు అది. కొన్ని ప్లాస్మిడ్లకు తమను తామే పక్క కణంలోకి పంపుకునే శక్తి ఉంటుంది. కణం మీద నుంచి సన్నటి నూలుపోగు లాంటి గొట్టం పెరుగుతుంది, ఎదుటి కణాన్ని పట్టుకుని దగ్గరకు లాగుతుంది, ప్లాస్మిడ్‌లోని రెండు పోగుల్లో ఒకటి అటు జారుతుంది. ఇచ్చిన కణమూ తీసుకున్న కణమూ తమ దగ్గరున్న ఒంటి పోగుకు జోడీ అల్లుకుంటాయి. ఇచ్చినవారికి తరుగు లేదు, పుచ్చుకున్నవారికి పూర్తి ప్రతి. కొద్ది నిమిషాల పని. తీసుకున్న కణం తిరిగి ఇంకొకదానికి ఇస్తుంది.

లక్ష్మి గారూ, మీ అమ్మగారి పేగుల్లో ఈ.కోలై పుట్టినప్పటి నుంచి ఉంది. అందరి పేగుల్లోనూ ఉంటుంది. నీటితోనో, పచ్చి కూరతోనో, ఎవరో చేయి కడుక్కోకుండా పెట్టిన ప్రసాదంతోనో అలాంటి ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా ఒకటి ఎప్పుడో లోపలికి వెళ్లి ఉంటుంది. ఆమె ఒక్క మాత్ర వేసుకోకపోయినా అది అక్కడ బతకగలదు, తన ప్లాస్మిడ్‌ను అక్కడి వాటికి ఇవ్వగలదు. ఆ ఈ.కోలై పొరపాటున మూత్రనాళంలోకి చేరిన రోజున మాత్రమే మీకు రిపోర్టులో కనిపించింది. ఆ జన్యువు ఎక్కడెక్కడి మందులనో చూసి వచ్చింది. మీ అమ్మగారు దానికి దారిలో తగిలిన ఒక ఇల్లు, అంతే.

ప్రశ్నలపుట్ట

ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. మా పుస్తకంలో సంయుగ్మం అని రెండు పంక్తులు ఉన్నాయి, ఇంత కథ ఉందని తెలియదు. ఒక సందేహం. ఒక్క ప్లాస్మిడ్ వస్తే ఒక్క మందుకే కదా నిరోధకత రావాలి? పదకొండింటికి ఒకేసారి ఎలా?

సూక్ష్మలోకం

మంచి ప్రశ్న. ఒకే ప్లాస్మిడ్ మీద చాలా జన్యువులు వరుసగా కూర్చుని ఉంటాయి. ఒకచోటి నుంచి ఊడి ఇంకొకచోట అతుక్కునే డీఎన్‌ఏ ముక్కలు ఉన్నాయి, వాటిని ట్రాన్స్‌పోజాన్లు అంటారు. ఇలాంటి గెంతే జన్యువులను మొక్కజొన్నలో మొదట కనిపెట్టినందుకే బార్బరా మెక్లింటాక్‌కు 1983లో నోబెల్ వచ్చింది. అవి క్రోమోజోము నుంచి ప్లాస్మిడ్ మీదికి, ఒక ప్లాస్మిడ్ నుంచి ఇంకొకదాని మీదికి గెంతుతూ జన్యువులను పోగుచేస్తాయి. ఇంటెగ్రాన్లు అని ఇంకో ఏర్పాటు ఉంది. అది పూలు గుచ్చే దారం లాంటిది, దొరికిన నిరోధక జన్యువునల్లా ఒకదాని పక్కన ఒకటి గుచ్చుకుంటుంది.

మన దేశంలో ఈఎస్‌బీఎల్ అంటే ఎక్కువగా సీటీఎక్స్-ఎం-15 అనే జన్యువే. దాని పూర్వీకుల జన్యువులు మన జోలికి పెద్దగా రాని క్లూయివెరా అనే బ్యాక్టీరియా క్రోమోజోములో ఉన్నాయి. అక్కడి నుంచి గెంతి ప్లాస్మిడ్ ఎక్కింది. సీటీఎక్స్-ఎం-15ను మొదట గుర్తించింది 1999లో మన దేశంలో తీసిన నమూనాల్లోనే. అది ఎక్కిన ప్లాస్మిడ్ల మీద తరచుగా జెంటామైసిన్ రకం మందులను, టెట్రాసైక్లిన్‌ను ఎదుర్కొనే జన్యువులు కూడా ఉంటాయి. అందుకే ఒక్క మందు వాడినా మొత్తం మూట నిలబడుతుంది. టెట్రాసైక్లిన్ వేసి సెఫ్ట్రియాక్సోన్ నిరోధకతను పెంచి పోషించడం సాధ్యమే.

లక్ష్మి గారి రిపోర్టులో ఒక మినహాయింపు చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్ ముందున్న 'ఆర్' మాత్రం చాలావరకు ప్లాస్మిడ్ పని కాదు. బ్యాక్టీరియా సొంత జన్యువులో మార్పు వల్ల వస్తుంది. అలా మారిన వంశం పెరిగి ఊళ్లన్నీ వ్యాపిస్తుంది. రెండు దారులూ ఒకే కణంలో కలుస్తాయి.

వంటింటి_సరళ

ఒకావిడ ఆవకాయ కొలతలు పక్కింటికి చెబితే, ఆవిడ దానికి మాగాయ కొలతలు చేర్చి ఇంకొకరికి ఇస్తే, ఏడాది తిరిగేసరికి వీధి మొత్తం ఒకే కాగితం. నాకు ఇలా అర్థమైంది, సరేనా సూక్ష్మలోకం గారూ?

సూక్ష్మలోకం

సరిగ్గా అలాగే. రేపు తరగతిలో ఇదే చెబుతాను.

అనుమానం_తీరాలి

నాకు నమ్మకం కుదరడం లేదు. ప్రయోగశాల గాజు గొట్టంలో జరిగేవన్నీ మనిషి కడుపులో జరుగుతాయా? దీన్ని మొదట ఎవరు, ఎక్కడ చూశారు?

సూక్ష్మలోకం

మొదట చూసింది రోగుల్లోనే, తర్వాతే గాజు గొట్టంలో. జపాన్‌లో యుద్ధం తర్వాత షిగెల్లా వల్ల వచ్చే రక్త విరేచనాలు విపరీతంగా ఉండేవి. 1950ల మధ్యకు వచ్చేసరికి సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒకేసారి లొంగని షిగెల్లా కనిపించింది. ఒక్కో మందుకు ఒక్కో మార్పు చొప్పున నాలుగు మార్పులు ఒకే కణంలో రావడం దాదాపు అసాధ్యం. పైగా ఒకే రోగిలో మందుకు లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ దొరికాయి. అదే రోగి పేగుల్లోని ఈ.కోలైకి కూడా ఆ నాలుగు మందులు పనిచేయలేదు. అక్కడే అనుమానం పుట్టింది. 1959లో ఒచియాయి, అకిబా బృందాలు ఆ ఈ.కోలైని లొంగే షిగెల్లాతో కలిపి పెంచి చూశాయి. నిరోధకత మొత్తం మూటగా షిగెల్లాకు వెళ్లింది. సుతోము వతనబె 1963లో ఆంగ్లంలో సమీక్ష రాసేదాకా బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

వేరే జాతికి దాటడం మరీ స్పష్టంగా కనిపించింది 2002లో, అమెరికా మిషిగన్ రాష్ట్రంలో. డయాలసిస్ మీద ఉన్న ఒక రోగి పుండులో ఎంటెరోకాకస్, స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే రెండు జాతుల బ్యాక్టీరియా ఉన్నాయి. మొండి స్టెఫైలోకాకస్‌కు వాడే వాంకోమైసిన్ అనే మందును తట్టుకునే జన్యువు మొదటిదాని నుంచి రెండోదానికి వచ్చింది. అందరూ భయపడుతున్న కలయిక అది.

కరీంనగర్_శ్రీను

మా బావమరిదికి మందులకు లొంగని క్షయ అన్నారు. అది కూడా ఇలా పక్కవాటి నుంచి తెచ్చుకున్నదేనా? అతను మధ్యలో ఏడు నెలలు మందు మానేశాడు.

పల్లెవైద్యం

ఖమ్మం జిల్లాలో జనరల్ ఫిజీషియన్‌ను. శ్రీను గారూ, క్షయ విషయం వేరు. క్షయ బ్యాక్టీరియా పక్కవాటితో జన్యువులు ఇచ్చిపుచ్చుకోదు, దానిలో నిరోధక ప్లాస్మిడ్లు లేవు. అక్కడ నిరోధకత మొత్తం సొంత జన్యువుల్లో వచ్చే మార్పుల వల్లే. అందుకే క్షయకు ఒకేసారి నాలుగు మందులు కలిపి ఇస్తాం. ఒకదాన్ని తప్పించుకున్న కణాన్ని మిగతా మూడు పట్టుకుంటాయి. 1948లో బ్రిటన్‌లో ఒక్క స్ట్రెప్టోమైసిన్‌తో చేసిన ప్రసిద్ధ పరీక్షలోనే చాలామంది రోగుల్లో నిరోధకత వచ్చేసింది. మీ బావమరిది ఈసారి ఒక్క రోజు కూడా మానకుండా చూడండి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కనుక ఇంట్లో పిల్లలకూ పరీక్ష చేయించండి.

ఇక్కడ ఇంకో మాట. "కోర్సు పూర్తిచేయకపోతేనే నిరోధకత వస్తుంది" అని రమణ గారి లాంటివాళ్లు చెప్పే సూత్రం క్షయకు చాలావరకు నిజం. పేగుల్లోని ఈ.కోలై విషయంలో అంత నిజం కాదు. అక్కడ మందు ఎన్ని ఎక్కువ రోజులు వాడితే, లొంగే మంచి బ్యాక్టీరియా అంత చచ్చి లొంగనివాటికి అంత జాగా దొరుకుతుంది. అందుకే చాలా జబ్బులకు ఇప్పుడు పది రోజుల చోట ఐదు రోజులు ఇస్తున్నాం.

మందులషాపు_రమణ

డాక్టరు గారూ, ఈ మాట ఇక్కడ రాస్తే రేపటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లు "రెండు రోజులు చాలట" అంటారు. నేను ఇన్నేళ్లుగా కోర్సు పూర్తి చేయండి అని చెబుతూ వచ్చాను.

పల్లెవైద్యం

మీ భయం న్యాయమైనదే. ఎన్ని రోజులో తేల్చేది వైద్యుడు, మధ్యలో ఆపాలనిపిస్తే ఆయనకు ఫోను చేయాలి. సొంతంగా ఆపడమూ వద్దు, మిగిలినవి దాచుకుని ఇంకొకరికి పంచడమూ వద్దు. వైరస్ జలుబుకు అసలు మొదలుపెట్టకపోవడం అన్నిటికంటే మేలు.

వంటింటి_సరళ

మా హైదరాబాదులో టైఫాయిడ్‌కు ఏ మందూ పనిచేయడం లేదని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

పల్లెవైద్యం

అది పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్. 2016 చివర్లో అక్కడ మొదలైంది. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమోక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్ ఐదూ పనిచేయని టైఫాయిడ్. నోటి ద్వారా ఇచ్చే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. పరిశోధకులు దాని డీఎన్‌ఏ మొత్తం చదివితే, అప్పటికే మందులకు లొంగని టైఫాయిడ్ వంశానికి అదనంగా ఒక ప్లాస్మిడ్ చేరినట్టు తేలింది. దాని మీద ఉన్నది సూక్ష్మలోకం గారు చెప్పిన సీటీఎక్స్-ఎం-15. ఈ.కోలైలో కనిపించే ప్లాస్మిడ్‌తో అది దాదాపు సరిపోయింది. అంటే ఎవరో ఒక మనిషి కడుపులోనో, మురుగులోనో, ఈ.కోలై చేతి నుంచి టైఫాయిడ్ చేతికి అందింది.

టైఫాయిడ్ చరిత్ర అంతా ఇదే. క్లోరాంఫెనికాల్ 1948లో వచ్చినప్పుడు ప్రాణాలు నిలబెట్టిన మందు. 1972లో కేరళ కాలికట్‌లో, అదే ఏడాది మెక్సికోలో, అది పనిచేయని టైఫాయిడ్ బయటపడింది. రెండు చోట్లా నిరోధకత ప్లాస్మిడ్ మీదే ఉంది.

ప్రశ్నలపుట్ట

అయితే ఆ మందు వాడటం మానేస్తే బ్యాక్టీరియా ఆ ప్లాస్మిడ్‌ను వదిలేయదా? అనవసరపు బరువు కదా.

సూక్ష్మలోకం

కొన్నిసార్లు వదిలేస్తుంది. అందరూ సిప్రోఫ్లాక్సాసిన్‌కు మారాక, కొన్నేళ్లకు మన దేశంలో క్లోరాంఫెనికాల్‌కు లొంగే టైఫాయిడ్ మళ్లీ ఎక్కువగా కనిపించసాగింది. అది ఆశ పుట్టించే మాట.

కానీ దాని మీదే ఆధారపడలేం. బ్రిటన్‌లో 1990లలో సల్ఫా మందుల వాడకం దాదాపు పూర్తిగా తగ్గించారు. ఈ.కోలైలో సల్ఫా నిరోధకత 1991లో సుమారు 40 శాతం ఉంటే 1999లో 46 శాతం అయింది. కారణం ముందు చెప్పిందే: ఆ జన్యువు ఒంటరిగా లేదు, ఇంకా వాడుకలో ఉన్న వేరే మందుల జన్యువుల పక్కన కూర్చుని ఉంది. ఇంకొకటి కూడా ఉంది. కొన్ని ప్లాస్మిడ్లు విషాన్నీ విరుగుడునూ రెండింటినీ తయారుచేస్తాయి. విషం ఎక్కువకాలం నిలుస్తుంది, విరుగుడు త్వరగా కరిగిపోతుంది. ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణానికి కొత్త విరుగుడు అందదు, మిగిలిన విషంతో చచ్చిపోతుంది. ఇక వదిలేసేది ఎవరు?

అనుమానం_తీరాలి

అన్నీ మన దేశం మీదికే తెస్తున్నారు. న్యూఢిల్లీ పేరు పెట్టి ఒక జన్యువును ప్రపంచమంతా తిప్పారు. మన ఆసుపత్రులకు విదేశీ రోగులు రాకుండా చేయడానికేనని అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

సూక్ష్మలోకం

పేరు విషయంలో మీ కోపం నాకూ ఉంది. ఊరి పేరు తగిలించాల్సిన అవసరం లేదు. కానీ పేరు మీద కోపంతో పని పక్కన పెట్టకూడదు. న్యూఢిల్లీలో వైద్యం చేయించుకుని వెళ్లిన స్వీడన్ రోగిలో 2008లో ఆ ఎన్‌డీఎం-1 దొరికింది. కార్బపెనెమ్‌లనే చివరి వరుస మందులను అది నాశనం చేస్తుంది. 2010లో చెన్నై, హర్యానా, బ్రిటన్ నమూనాలతో వచ్చిన పెద్ద వ్యాసానికి మొదటి రచయిత మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనవాడే, కార్తికేయన్ కుమారస్వామి.

మరుసటి ఏడాది ఢిల్లీ నీళ్ల పరీక్ష ఫలితాలు వచ్చాయి. వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 తీస్తే 51లో ఆ జన్యువు ఉంది. తాగే కుళాయి నీళ్లలో 50కి రెండింటిలో ఉంది. ప్లాస్మిడ్ మార్పిడి చాలా వాటిలో 30 డిగ్రీల దగ్గర ఎక్కువగా జరిగింది. మన వీధి కాలువ ఏడాదిలో ఎన్ని నెలలు ఆ వేడిలో ఉంటుందో చూడండి. ఆసుపత్రి గడప దాటి మురుగులోకి, మురుగు నుంచి కుళాయిలోకి జన్యువు నడిచింది. అవమానంగా తీసుకోవాల్సింది ఇదే.

ఉట్రెక్ట్_సుధ

నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. లక్ష్మి గారి ప్రశ్నకు ఇక్కడి నుంచి ఒక రుజువు ఇవ్వగలను. ఈ దేశం నుంచి విదేశాలకు వెళ్లి వచ్చే ఆరోగ్యవంతులైన ప్రయాణికులను సుమారు రెండు వేల మందిని పరీక్షించారు, ఫలితాలు 2017లో వచ్చాయి. వెళ్లేముందు పేగుల్లో ఈఎస్‌బీఎల్ లేనివాళ్లలో 34 శాతం మంది తిరిగొచ్చేసరికి దాన్ని వెంట తెచ్చుకున్నారు. దక్షిణాసియాకు వెళ్లినవాళ్లలో అది 75 శాతం. వాళ్లు అక్కడ చేసింది తిరగడం, తినడం, నీళ్లు తాగడం. చాలామందిలో నెల రోజుల్లో పోయింది. పదిమందిలో ఒకరికి ఏడాది తర్వాత కూడా ఉంది. కొన్ని వారాల యాత్రకే ఇలా అయితే, అక్కడే 66 ఏళ్లు బతికిన ఆవిడను ఏమని తప్పుపడతారు?

నేను కూడా ఒకసారి సెలవులకు వచ్చి కాలు విరిగి అక్కడ ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నాను. తిరిగొచ్చాక ఇక్కడి ఆసుపత్రిలో కట్టు మార్పించడానికి వెళితే, విదేశంలో ఆసుపత్రిలో ఉన్నారా అని అడిగి, అవునన్నందుకు విడి గదిలో కూర్చోబెట్టి నమూనాలు తీశారు. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు చేసింది సరైనదే అనిపిస్తోంది.

పటాన్‌చెరు_వాసి

కుళాయి, కాలువ మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. చుట్టూ మందుల కర్మాగారాలు. వాటిలో సుమారు 90 నుంచి వచ్చే వ్యర్థజలం ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదుకు వెయ్యి రెట్లకు పైన. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీరు ఇసుకవాగులోకి, నక్కవాగులోకి, మంజీరలోకి. 2011లో వాగు అడుగు బురదలోని డీఎన్‌ఏ చదివితే నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లు, ఇంటెగ్రాన్లు కుప్పలుగా ఉన్నాయి.

మా నాన్నకు ఆ వాగు పక్కనే ఎకరంన్నర పొలం ఉండేది. నురగ తేలే నీళ్లు, పశువులు తాగని నీళ్లు చూస్తూ పెరిగాను. అప్పుడు మాకు వాసన గురించే బెంగ. కంటికి కనపడనిది ఇంకా పెద్దదని ఇప్పుడు తెలుస్తోంది.

తణుకు_లక్ష్మి

చట్టం లేదా దీనికి?

పటాన్‌చెరు_వాసి

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. మందుల కర్మాగారాలు వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెట్టింది. 2021లో తుది ప్రకటన వచ్చేసరికి ఆ పరిమితులు తీసేశారు. అది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రొయ్యలచెరువు_రాజు

భీమవరం దగ్గర ఆరు ఎకరాల చెరువులు. మా వాళ్ల మీదికి కూడా వస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నాను, కాబట్టి నేనే చెబుతాను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల్లో నిషేధం. ఆ సంగతి ప్రతి రైతుకూ తెలుసు. అవశేషం దొరికితే ఐరోపా నుంచి కంటైనర్లు వెనక్కి వస్తాయి. మూడేళ్ల క్రితం నాకు ఒక ఏజెంటు 'గట్ ప్రోబయాటిక్' అని పొట్లాలు అమ్మాడు. పొట్లం మీద మంచి బ్యాక్టీరియా అని తప్ప ఏమీ లేదు. రొయ్యలు పట్టే ముందు చేసిన పరీక్షలో యాంటీబయాటిక్ అవశేషం తేలింది. ఆ పంట ధర సగానికి పడింది. నేను తెలిసి వేయలేదు, కానీ చెరువులోకి వెళ్లింది నా చేతితోనే.

నా సందేహం: రొయ్యకు జబ్బు చేసే విబ్రియోకూ మనిషికి జబ్బు చేసేవాటికీ ఈ మార్పిడి జరుగుతుందా?

సూక్ష్మలోకం

జరుగుతుంది. కలరా బ్యాక్టీరియా కూడా విబ్రియోనే. 1992లో మద్రాసులో ఓ139 అనే కొత్త రకం కలరా పుట్టింది. దానిలో ఎస్ఎక్స్‌టీ అనే కదిలే డీఎన్‌ఏ ముక్క దొరికింది. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ మందుల పేర్ల నుంచి పెట్టిన పేరు అది. అది మామూలుగా క్రోమోజోములో ఒదిగి ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ తగిలి డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణం ఆపద గంట మోగిస్తుంది. ఆ గంట వినగానే ఎస్ఎక్స్‌టీ ఊడి వేరే కణాల్లోకి ప్రయాణం కడుతుంది. 2004లో దీన్ని నిరూపించారు. అంటే మందు నిరోధకత ఉన్నవాటిని ఏరి నిలబెట్టడమే కాదు, జన్యువుల ప్రయాణాన్ని కూడా తొందరపెట్టగలదు. చంపనంత తక్కువ మోతాదులో మందు ఉన్న చెరువు, వాగు ఎందుకు ప్రమాదమో ఇప్పుడు తెలిసింది కదా.

రాజు గారూ, మీరు ఇక్కడ ఇలా రాసినందుకు నాకు గౌరవం పెరిగింది.

కోళ్లఫారం_నాయుడు

రాజు గారు రాశాక నేను ఊరుకుంటే బాగుండదు. కోళ్ల దాణాలో కోలిస్టిన్ కలపడం మా దగ్గర మామూలుగా ఉండేది. 2019 జూలైలో కేంద్రం నిషేధించాక మానేశాం. బరువు కొంత తగ్గింది, షెడ్డు శుభ్రం పెంచి సర్దుకున్నాం. కోళ్లకు మందు వేస్తే మనుషులకు వస్తుందన్నది మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కువ చేసి చెప్పినట్టే అనిపిస్తుంది. బాగా ఉడికించే తింటాం కదా.

సూక్ష్మలోకం

తినేవరకు ఆగనక్కర్లేదు నాయుడు గారూ. అమెరికాలో స్టువర్ట్ లెవీ 1976లో ప్రచురించిన ప్రయోగం చూడండి. కొత్తగా పెట్టిన కోళ్ల ఫారంలో దాణాకు టెట్రాసైక్లిన్ రకం మందు కలిపారు. వారం తిరగకుండా కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు అంతా దానికి లొంగనిదైంది. ఐదారు నెలల్లో ఆ ఫారంలో ఉండే కుటుంబం పేగుల్లోనూ అలాంటివి పెరిగాయి, పొరుగువాళ్లలో అంత పెరగలేదు. కలిపింది ఒక్క మందు, నిరోధకత మాత్రం చాలా మందులకు వచ్చింది. చేతులు, దుమ్ము, ఎరువు చాలు.

కోలిస్టిన్ సంగతి మీరే ఎత్తారు. 2015 నవంబరులో చైనాలో పందుల ఈ.కోలైలో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది. అప్పటిదాకా కోలిస్టిన్ నిరోధకత క్రోమోజోములోనే ఉంటుంది, పక్కకు పోదు అనుకునేవారు. ఎంసీఆర్-1 ప్లాస్మిడ్ మీద ఉంది. ఏ మందూ పనిచేయని రోగికి చివరగా ఇచ్చేది కోలిస్టిన్. మీరు మానేసిన దాని విలువ అంత.

వంటింటి_సరళ

దాణాలో మందు కలపాలన్న ఆలోచన అసలు ఎవరిది?

సూక్ష్మలోకం

ఇది మనసుకు కష్టంగా ఉండే కథ. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినప్పుడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో ప్రపంచానికి ప్రకటించారు, ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు. దాన్ని తీశాక మిగిలిన పిప్పిని అదే సంస్థలో కోళ్లకు పెట్టి చూస్తే త్వరగా బరువు పెరిగాయి. 1950లో ఆ సంగతి బయటికి వచ్చింది, దాణాలో కలపడం ప్రపంచమంతా పాకింది. ఆ దారి సుబ్బారావు గారు వేసింది కాదు.

కోళ్లఫారం_నాయుడు

మా తాతది పాలకొల్లు. సుబ్బారావు గారి పేరు చెబితే లేచి నిలబడేవాడు. ఈ సంగతి నాకు తెలియదు. ఫారంలో ఇంకా ఏమేం కలుస్తున్నాయో రేపు దాణా మిల్లువాడిని కూర్చోబెట్టి అడుగుతాను.

ప్రశ్నలపుట్ట

చివరి సందేహం. మందులు కనిపెట్టి వందేళ్లు కూడా కాలేదు. ఇన్ని నిరోధక జన్యువులు ఇంత త్వరగా ఎలా పుట్టాయి?

సూక్ష్మలోకం

చాలావరకు ముందే ఉన్నాయి. కెనడా యూకాన్‌లో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలోని డీఎన్‌ఏలో పెనిసిలిన్ కుటుంబం, టెట్రాసైక్లిన్, వాంకోమైసిన్ మందులను తట్టుకునే జన్యువులు దొరికాయి. మట్టిలో బూజులూ బ్యాక్టీరియా ఒకదాని మీద ఒకటి ఈ మందులే ప్రయోగించుకుంటూ వచ్చాయి కదా. మట్టిలో ఉన్నవాటిని బండెక్కించి ఆసుపత్రిదాకా తెచ్చింది మనం.

కరీంనగర్_శ్రీను

లక్ష్మి గారూ, ఇంతకీ అమ్మగారికి ఎలా ఉంది? ఏ మందు ఇచ్చారు?

తణుకు_లక్ష్మి

ఎర్టాపెనెమ్ అనే ఇంజెక్షను రోజుకొకటి, ఏడు రోజులు. మూడో రోజుకే జ్వరం దిగింది. ఇప్పుడు బాగుంది. డాక్టరు గారిని ఒకటి అడగాలి. రిపోర్టులో నైట్రోఫ్యూరాంటాయిన్ మాత్రకు 'ఎస్' ఉంది, అంటే పనిచేస్తుందనే కదా. ఇంజెక్షను అంత ఖరీదు పెట్టి ఎందుకు చేశారు?

పల్లెవైద్యం

ఆ మాత్ర మూత్రంలో మాత్రమే చిక్కబడుతుంది, కిడ్నీ కండలోకి సరిగా చేరదు. మీ అమ్మగారికి చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉన్నాయన్నారు, అంటే కిడ్నీదాకా వెళ్లింది. మీ డాక్టరు చేసింది సరైన పని. ఒట్టి మంట మాత్రమే ఉంటే మాత్రతో సరిపోయేది. ఇప్పుడు బాధ ఏమీ లేకపోతే, ఊరికే చూద్దామని మళ్లీ కల్చర్ చేయించకండి. బ్యాక్టీరియా కనిపిస్తుంది, ఎవరో ఒకరు అనవసరంగా మందు మొదలుపెడతారు. ఈ రిపోర్టు మాత్రం జాగ్రత్తగా దాచండి. ఏడాదిలోపు ఎప్పుడు జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినా ముందు దీన్ని చూపించండి.

మందులషాపు_రమణ

లక్ష్మి గారూ, మొదట నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

తణుకు_లక్ష్మి

చెప్పాను, నవ్వింది. ఆదివారం మా పిన్ని కొడుకు నిశ్చితార్థం, ఆ చుట్టాలందరూ వస్తారు. సూక్ష్మలోకం గారి మొదటి జవాబును అచ్చు తీయించి ఇమ్మంటే ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, రిపోర్టుతో కలిపి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.